ఎర్ర రంగు వెయ్యని డ్రమ్ము

సారు పోయారని ఫోనొచ్చినప్పుడు నేను మిరపచేలో ఉన్నాను. నరసరావుపేట నుంచి వాళ్ళమ్మాయి చేసింది. "నాన్న పొద్దున నిద్రలోనే పోయారండీ" అంది. చేతిలో ఉన్న మిరపాకు తిరగేసి వెనకవైపు చూస్తా అట్టాగే నిలబడిపోయాను. ఆకు వెనక చూడటం ఆయన నేర్పిన అలవాటే.

మా సారు వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ఎవరూ రమ్మనకపోయినా వారానికి రెండుసార్లు బస్సెక్కి రొంపిచర్ల వచ్చి, అక్కణ్ణించి ఆటోలో మా ఊరొచ్చేవారు. పైసా పుచ్చుకునేవారు కాదు. చొక్కా జేబులో దారం కట్టిన భూతద్దం, చంకలో గొడుగు. ఒకసారి ఎండుమిరపకాయలు సంచిలో పోసిస్తే, "నాకు అల్సరమ్మా, చంపుదామనా ఏంది?" అని తిరిగిచ్చేసి, మజ్జిగ మాత్రం రెండు గ్లాసులు తాగారు.

మా సంగతి తెలిసిందేగా. పత్తి తగ్గి మిరప పెరిగింది. కొత్త విత్తనాలు, కొత్త పురుగులు, షాపుల నిండా కొత్త మందులు. పక్కచేలో ఏం కొట్టారో ఆ ఖాళీ సీసా తీసుకెళ్ళి షాపులో పెట్టి "ఇదే ఇవ్వు" అంటాం. సారుకి ఒళ్ళు మండేది. "పక్కింటోడికి జ్వరమొస్తే నువ్వు మాత్ర మింగుతావా?" అనేవారు. పది మొక్కలు మనమే తిప్పి చూసి ఏముందో చెప్పేదాకా ఏ మందు పేరూ ఆయన నోట్లోంచి వచ్చేది కాదు.

ఒక ఏడు నా మిరప ఆకులన్నీ సన్నగా మెలితిరిగి ముడుచుకుపోయాయి. వైరస్సే, పీకెయ్యమన్నారు అందరూ. ఏడుస్తానే ట్రాక్టర్ పిలిపించాను, దున్నించేద్దామని. సరిగ్గా అప్పుడే సారు ఆటో దిగారు. "ముందు ఇంజన్ ఆపమను, డ్రైవర్‌కి టీ ఇప్పియ్యి" అన్నారు. చెప్పులు విప్పి చేలోకి దిగి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచారు. మొదటి సాళ్ళలో ముడత ఎక్కువ, పోనుపోను తక్కువ, చివర అసలు లేదు.

"వైరస్ ఇట్టా వరసలో రాదమ్మా. మందు కలిపిన డ్రమ్మేదీ?"

తెచ్చాను. మూత తీసి వాసన చూశారు. నాకప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు గట్ల మీద గడ్డిమందు కొట్టింది ఆ డ్రమ్ముతోనే. కడిగాననుకుని ఊరికే నీళ్ళు తిప్పి పారబోసి, అందులోనే పురుగుమందు కలిపి చేనుకు కొట్టాను. నా చేతులతో నేనే నా చేను మాడ్చుకున్నాను.

ఆయన ఒక్క మాటా తిట్టలేదు. నీళ్ళు పెట్టి ఓపిక పట్టమన్నారు. కొన్నాళ్ళకు కొత్త చిగురు చదునుగా విచ్చుకుంది. "గడ్డిమందుకి వేరే డ్రమ్ము పెట్టి ఎర్ర రంగు వెయ్యి. ఎందుకని అడిగిన ప్రతివాడికీ చెప్పు. నేను మాత్రం ఎవరికీ చెప్పను. చెప్పాల్సింది నువ్వు" అన్నారు.

వేరే డ్రమ్మయితే కొన్నాను. రంగు వెయ్యలేదు. వేస్తే అడుగుతారు, చెబితే నవ్వుతారని సిగ్గు. సారే ఏదో మందుతో బతికించారని ఊరంతా అనుకుంటుంటే నోరు మూసుకుని ఊరుకున్నాను. బడి వరండాలో రైతుల్ని కూర్చోబెట్టి మాట్లాడినప్పుడల్లా ఆయన నావైపు చూసేవారు. నేను తల దించుకునేదాన్ని.

రెండేళ్ళకు పక్కచేను మరిదికీ అదే జరిగింది. సొంత మరిది కాదు, వరసకి. సారు వచ్చేసరికే రెండెకరాలూ దున్నించేశాడు. దున్నిన చేలో నిలబడి సారు అతని డ్రమ్ము వాసన చూసి సంగతి చెప్పారు. మరిది కూలబడిపోయాడు. "నాకెవరు చెప్పారు సారూ?" అన్నాడు. సారు నావైపు చూడలేదు. ఆయన చూడకపోవడం నాకిప్పటికీ గుచ్చుకుంటానే ఉంది. ఆరోజూ నా డ్రమ్ము సంగతి చెప్పలేదు.

పెద్దకర్మకి మా ఊరి నుంచి చానామంది నరసరావుపేట వెళ్ళాం. భోజనాలయ్యాక తలా ఒక మాట చెబుతున్నారు. నా వంతొచ్చింది. మరిది ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. డ్రమ్ము సంగతి మొదట్నించీ చెప్పాను. నేనప్పుడే చెప్పి ఉంటే ఆ రెండెకరాలు నిలిచేవనీ చెప్పాను. మరిది కండువా దులిపి లేచి బయటికెళ్ళిపోయాడు. తిరుగు బస్సులో నా పక్క ఎవరూ కూర్చోలేదు.

మర్నాడు ఎర్ర రంగు డబ్బా కొనుక్కుని చేలోకి పోయాను. గట్టు మీద డ్రమ్ము బోర్లించి చుట్టూతా పట్టీ వేస్తుంటే ఏడుపు ఆగలేదు. సారు బతికున్నప్పుడు వెయ్యాల్సిన రంగు అది. వెనక అడుగుల చప్పుడైంది. మరిది. భుజాన వాళ్ళ డ్రమ్ముంది. దాన్ని నా డ్రమ్ము పక్కనే దించాడు.

"రంగంతా నువ్వే పులమమాకు వదినా. నాకూ కాస్త ఉంచు."