ముగ్గు తొక్కని కాళ్లు

మా అమ్మ ముగ్గు వేస్తే వాడకట్టంతా ఆగి చూసేది. తెల్లారకముందే లేచి, వాకిలి ఊడ్చి, పేడనీళ్లతో సాన్పి చల్లి, ఆ తడి ఆరకముందే ముగ్గు పోసేది. పోసేటప్పుడు పిలిచినా పలికేది కాదు. ఊళ్లో ఎవరిల్లు మొదలుపెట్టినా పునాదికి ముగ్గు పోయడానికి మేస్త్రీ పక్కన ఆమె ఉండాల్సిందే, గీత అంత తిన్నగా వచ్చేది. వాకిట్లో ఆమె వేసిన ముగ్గును ఎవరైనా తొక్కారో, ఇక వాళ్ల పని అయిపోయినట్టే. ఆరేళ్లప్పుడు నేనొకసారి పరుగెత్తుకుంటూ వచ్చి కాలు పెట్టాను. చెంప మీద పడిన దెబ్బకు చెవి గుయ్యిమంది. "ముగ్గు తొక్కుతవా? లచ్చిమిని తొక్కినట్టే" అంది. మళ్లీ ఎన్నడూ తొక్కలేదు. నాకున్న ఈ ఒక్క మంచి అలవాటే నా కొంప ముంచబోతుందని ఎవరనుకుంటారు!

మాది దేవరకొండ దగ్గర మెట్ట ఊరు. వాన పడితే పత్తి, కంది. పడకపోతే ఆకాశం కేసి చూడటం. తెలంగాణ వచ్చిన కొత్తలో నేను డిగ్రీలో చేరాను. మా ఊరి మలుపు దగ్గర బస్సు ఆగేది కాదు, నెమ్మదించేదంతే. రోజూ దాని వెంట పరుగెత్తి ఎక్కేదాన్ని. ఒకరోజు అదే బస్సులో వస్తున్న మా కాలేజీ వ్యాయామం సారు నన్ను చూశాడు. ఆయన మక్తల్ దిక్కు మనిషి, మాట కరుకు.

"బస్సెంబడి ఉరికేది రేపటిసంది గ్రౌండ్ల ఉరుకు. బస్సు నేనాపుతా" అన్నాడు.

నిజంగానే ఆపేవాడు. డ్రైవరుతో రెండుసార్లు కొట్లాట కూడా అయింది.

ఏడాది తిరిగేసరికి చుట్టుపక్కల కాలేజీల్లో నన్ను దాటే పిల్ల లేకుండా పోయింది. ఇంట గెలిచాను, ఇక రచ్చ గెలవడమే మిగిలింది. ఊళ్లోవాళ్లు మాత్రం వదల్లేదు. "ఏం దొంగతనం జేసినవే, గట్లురుకుతున్నవ్?" అని ఒకరు, "ఉరికెటోళ్లకు జీతమిస్తరా?" అని ఒకరు. ఇస్తారు. ఒక ప్రభుత్వ శాఖ హైదరాబాదులో పోటీలు పెట్టి క్రీడాకారులను ఉద్యోగంలోకి తీసుకుంటుందని సారు చెప్పాడు. రెండు వందల మీటర్ల పరుగులో ఇద్దరిని. పొద్దున ప్రాక్టీసు, మధ్యాహ్నం ఆఫీసు. పరుగే పని. అది విన్న రోజు నాకు అన్నం సయించలేదు. చదువుతో వచ్చే ఏ కొలువూ నాకంత ఆశ పుట్టించలేదు. అది నాకు కావాలి, అంతే.

మొదటిసారి వెళ్లి మూడోదాన్నయ్యాను. రెండో పిల్లకూ నాకూ మధ్య ఒక్క అంగ తేడా. ఇంటికొచ్చి అన్నం గిన్నె గోడకేసి కొట్టాను. బాపు దాన్ని తీసి సొట్ట చూసి పక్కన పెట్టాడు.

"ఇంకొక్క యేడు జూడు బిడ్డా. కాకుంటే బీఈడీ జెయ్యి, టీచరమ్మవైతవు" అన్నాడు.

ఆయన మాటలో కోపం లేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

ఆ వానాకాలంలోనే తప్పు బయటపడింది. మా గ్రౌండు ఎర్రమట్టిది. గీతలు ముగ్గుపిండితోనే పోసేవాళ్లం. ఒకరోజు సన్న జల్లు పడి ఆగాక సారు నన్ను రెండు వందల మీటర్లు పరుగెత్తించాడు. మొదటి సగమంతా వంపు, మిగిలిన సగం తిన్నటి దారి. అయిపోయాక కోపంగా పిలిచాడు.

"ఇటు రా. ఈ అడుగులెవరియి?"

తడి మట్టిలో నా అడుగులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. వంపులో తెలివైనవాళ్లంతా లోపలి గీతను ఆనుకుని పరుగెత్తుతారు, దూరం తగ్గుతుంది కాబట్టి. నావి ఆ గీతకు రెండడుగుల దూరంలో, బయటి వైపు, వంపు పొడుగునా ఒకే తీరుగా ఉన్నాయి. సారు తాడు తెచ్చి గీత పక్కన ఒకసారి, నా అడుగుల వెంట ఒకసారి పరిచి చూపించాడు. నా దారి ఒక పెద్ద అంగ ఎక్కువ పొడుగుంది. హైదరాబాదులో నేను పోగొట్టుకున్నది కచ్చితంగా అదే అంగ.

"లోపలి గీతంటే నీకు బుగులా?" అన్నాడు.

"బుగులేంది సార్? ఫౌలైతదని జర దూరముంటున్న" అన్నాను. ఆ మాట నేనే నమ్మాను.

అసలు సంగతి ఆ సాయంత్రం తెలిసింది. ఇంట్లోకి పోతూ వాకిట్లో ముగ్గు రాగానే నా కాళ్లు వాటంతటవే పక్కకు జరిగి, చుట్టు తిరిగి గడప ఎక్కాయి. నేను చూడనైనా లేదు. అక్కడే నిలబడిపోయాను. ఆరేళ్లప్పుడు పడ్డ దెబ్బ ఇరవయ్యేళ్లొచ్చినా కాళ్లలో ఉంది.

మర్నాడు సారుకు చెబితే పడీపడీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "మొక్కై వంగంది మానై వంగుతదా? ప్రయత్నం జేద్దాం" అన్నాడు. నెల రోజులు చేశాం. అది ముగ్గు కాదు, గీత అని తలకు తెలుసు. కాళ్లకెవరు చెప్పాలి? గీత దగ్గరికి పోవాలనుకుంటే వేగం తగ్గేది, వేగం పెంచితే దూరం జరిగేదాన్ని. చివరికొకరోజు అమ్మ మీదే అరిచాను.

"అంత నీ వల్లనే! నువ్వు గానాడు కొట్టకుంటే నాకీపాటికి నౌకరొచ్చేది!"

విషయమంతా చెప్పాను. అమ్మ పత్తి ఏరే సంచి భుజానేసుకుని చేనుకు వెళ్లిపోయింది. పాడుమాట అన్నానని రోజంతా నాకు నేనే చేదయ్యాను.

మర్నాడు తెల్లవారుతుండగా లేపింది. ఇంటి వెనక చెలక ఆ ఏడు బీడుపడి ఉంది. నడుమ ఒక గూటం దిగ్గొట్టి, దానికి బాపు వాడే మోకుతాడు కట్టి, మోకు చివర పట్టుకుని ముగ్గు పోసుకుంటూ తిరిగింది. సగం చెలక పొడుగునా తెల్లటి వంపు వచ్చింది. మా గ్రౌండులో కూడా అంత చక్కటి గీత లేదు. ముగ్గు తట్ట పట్టుకుని దాని పక్కనే గొంతుక్కూర్చుంది.

"ఉరుకు. ఆనుకుని ఉరుకు."

"తొక్కుతనేమోనే."

"తొక్కితే తొక్కినవ్. నేను మళ్ల ఏస్త."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పరుగెత్తాను, తొక్కాను. అమ్మ లేచి చెరిగినచోట పిండి పోసి మళ్లీ కూర్చుంది. రోజుకు పది పన్నెండు సార్లు తొక్కేదాన్ని. ఆమె పోస్తూనే ఉండేది, ఆ తర్వాతే చేనుకు పోయేది. పక్క చెలకాయన చూసి హడలిపోయాడు.

"బీడుల ముగ్గేంది? బాణామతి గిట్ల జేస్తున్నరా?"

"అవ్ బావా, చేస్తున్న. నా బిడ్డ కాళ్లకు పట్టిన దయ్యం వదిలిస్తున్న" అంది అమ్మ.

ఆయన పత్తి ఏరడం అయ్యేదాకా చుట్టూ తిరిగి పోయాడు పాపం.

రెండోసారి పోటీకి వెళ్లినప్పుడు నాకు రెండో లైను పడింది. లోపలి వైపు, వంపు బిగుతుగా ఉండే లైను. పిస్తోలు పేలింది. ఎడమ కాలి పక్కన తెల్ల గీత నాతోపాటే వస్తోంది. దాన్ని చూడలేదు. వెనకాల అమ్మ తట్టతో కూర్చున్నదనే అనుకున్నాను. వంపు తిరిగేసరికి నా ముందు ఒక్కతే ఉంది. చివరిదాకా అలాగే రెండోదాన్నయ్యాను. కానీ ఊపిరి తీసుకోకుండానే వెనక్కి తిరిగి వంపు కేసి చూశాను. గీత తొక్కి ఉంటే అక్కడ కూర్చున్న అంపైరు పసుపు జెండా ఎత్తుతాడు, నా పరుగు లెక్కలోకి రాదు. ఆయన తాపీగా లేచాడు. తెల్ల జెండా ఎత్తాడు. నేను ట్రాకు మీదే కూలబడి నవ్వాను.

ఆ శాఖ తరఫున ఎనిమిదేళ్లు పరుగెత్తాను. దేశం జెర్సీ వేసుకోలేదు, అబద్ధమెందుకు. రిలేల్లో వంపు మీది పరుగు మాత్రం నాకే ఇచ్చేవారు. తొడ నరం రెండుసార్లు పట్టేసింది, రెండోసారి తగ్గలేదు. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో అదే శాఖ ఆఫీసులో పని. పొద్దున పూట ఆడపిల్లలకు పరుగు నేర్పుతాను. నేను కోప్పడతానని వాళ్లు భయపడతారు, భయపడ్డట్టు నటిస్తారు కూడా.

పోయిన ఎండాకాలం అమ్మ నా దగ్గరికొచ్చి వారముంది. మోకాళ్ల నొప్పులు, అయినా పిల్లల పోటీ చూస్తానని గ్రౌండుకొచ్చింది. ఈమధ్యే మర్రిగూడ దిక్కు నుంచి వచ్చి చేరిన ఒక పిల్ల ఉంది, తూనీగలాంటిది. వంపులో అది లోపలి గీతకు రెండడుగుల దూరంలో పరుగెత్తి మూడోది అయింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దగ్గరికి పిలిచేలోపే అమ్మ లేచింది. మూలనున్న ముగ్గు బకెట్టు తీసుకుంది. పిల్లల కాళ్లకు చెరిగిన వంపును, నడుం వంచి, మోకు లేకుండానే ఒక్క గీతలో పోసుకుంటూ వచ్చింది. పిల్లలంతా మాటలాపి చూశారు. గీత చివర నడుం ఎత్తి ఆ పిల్లను పిలిచింది.

"ఆనుకుని ఉరుకు బిడ్డా. తొక్కితే తొక్కినవ్, నేను మళ్ల ఏస్త."

ఆ పిల్ల నిజమేనా అన్నట్టు నా వైపు చూసింది. నేను విజిల్ ఊదాను.