కాకినాడ గేటు దగ్గర ప్రార్థన

అమలాపురం జిల్లా కేంద్రం కాకముందు ప్రతి పనికీ కాకినాడ పరుగెత్తేవాళ్ళం. ఆ కోపంతో, పాస్టరుగా నేను చేసే ప్రసంగాల్లో బైబిల్లోని పాపపు పట్టణం నీనెవె పేరొస్తే, పక్కనే కాకినాడ పేరు కూడా చెబుతుంటాను. ఈ రోజు మా అమ్మాయి టీచరు ఇంటర్వ్యూకి తోడుగా అక్కడికే వెళ్ళేను.

స్కూలు గేటు దగ్గర అమ్మాయి తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన మొదలెట్టేను. నా సంగతి మీకు తెలుసు, సృష్టి దగ్గర మొదలెడితే అంత్యదినాల దాకా ఆగను. కళ్ళు తెరిచేసరికి వాచ్‌మన్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అమ్మాయిగారిని రెండుసార్లు పిలిచేరండి."

గబుక్కున అమ్మాయి తల మీంచి చెయ్యి తీసేను. "మరి చెప్పరేంటండీ?"

"తమరింకా ఆమెన్ అనలేదు కదండీ. ఈవిణ్ణి ఆఖర్న పిలవమని లోపల చెప్పొచ్చేనండి."

"మీరు విశ్వాసులా?"

"కాదండీ. నాకూ కూతురుందండి."

అమ్మాయి లోపలికి పరుగెత్తింది. నేను గేటు బయట నిలబడి, ఈసారి రెండే మాటల్లో ప్రార్థన ముగించేను.

ఫలితం వారంలో చెబుతారట. ఆదివారం మళ్ళీ నీనెవె మీదే ప్రసంగం. వాక్యం సిద్ధంగా ఉంది, కాకినాడ మీద కోపమే చాలడం లేదు. పోల్చడానికి ఇంకో ఊరేదైనా చెప్పండి. భీమవరం మాత్రం వద్దు, అక్కడ మా వియ్యంకులున్నారు.