దిగే సంగతి ముందు

మా పక్కింటి అంకుల్ ఈ మార్చిలో పోయారు. గుండెపోటు. ఆస్పత్రికి చేరేలోపే అంతా అయిపోయిందని ఆంటీ ఫోన్‌లో చెబుతుంటే, ఆయన గరాజ్‌లో ఇంకా ఒక్కసారీ ఎగరని విమానం నా కళ్ళముందు కదిలింది.

ట్రాయ్ అనే ఊళ్ళో కార్ల సస్పెన్షన్లు డిజైన్ చేసి రిటైరయ్యాక ఆయన పాత యుద్ధవిమానాల పెద్ద మోడళ్ళు కట్టేవారు. రిమోట్‌తో ఎగిరేవి. రెక్కలు బిగిస్తే ఆంటీ కారుకి చోటుండేది కాదు. "ఇంట్లో సవతిని పెట్టుకుని నన్ను స్నోలో పార్క్ చెయ్యమంటారు" అని ఆవిడ దెప్పేవారు.

అందరూ ముందు విమానం కొని, తర్వాత దాని కాళ్ళ సంగతి చూస్తారు. అంకుల్‌ది తలకిందుల వ్యవహారం. ఎగరగానే రెక్కలోకి ముడుచుకునే చక్రాల కాళ్ళు ముందు తెచ్చేవారు. వాటిని బల్లకి బిగించి, వారాల తరబడి ముడిచి చాపి చూసి, నమ్మకం కుదిరితేనే రెక్కలో గూడు తొలిచేవారు. "పైకి ఎవరైనా పోతారమ్మాయ్. దిగే సంగతి ముందు చూడాలి" అనేవారు.

ఈ విమానం దగ్గర మాత్రం మా ఇద్దరికీ పేచీ వచ్చింది. పంపుతో గాలి నింపితే ముడుచుకునే కాళ్ళే కొంటానన్నారాయన.

"ఎలక్ట్రిక్‌వి కొనండి అంకుల్. పంపు కొట్టక్కర్లేదు, ట్యూబులు లీకవ్వవు."

"మోటారు మధ్యలో మొరాయిస్తే?"

"మీ గాలి లీకైతే?"

ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసి నవ్వారు. "లీకవుతుందనే కొంటున్నా. గాలి పని కాళ్ళని పైన పట్టుకోవడమే. దించేది స్ప్రింగు. గాలి పోతే అవే దిగుతాయి. ఫెయిలైనా మంచివైపుకే ఫెయిలవ్వాలి."

ఎంత చాదస్తమో అనుకున్నాను. కానీ నా ఉద్యోగం పోయినప్పుడు నన్ను నిలబెట్టింది ఆ చాదస్తమే. "ఇంటర్వ్యూలు ఇవ్వు. ఏదీ కుదరకపోతే ఉండటానికి మా బేస్‌మెంట్ ఉంది, ఆ సంగతి ఇప్పుడే సెటిల్ చేసేద్దాం" అన్నారు. ఆ మాట విన్నాకే నాకు కంటిమీద కునుకు పట్టింది.

మొన్న ఆదివారం ఆంటీ ఆ విమానాన్ని, ఆయన దగ్గరే రిమోట్ పట్టడం నేర్చుకున్న నన్నే ఎగరెయ్యమన్నారు. "ఆయన చేతిపనికి బూజు పట్టనివ్వలేను. కూలిందా, మళ్ళీ ఏడుస్తాను. అంతేగా."

మోడల్ విమానాల క్లబ్ మైదానంలో నేను భయపడుతూనే లేపాను. చక్కగా లేచింది. స్విచ్ వేస్తే కాళ్ళు ముడుచుకున్నాయి. రెండు చుట్లు తిరిగిందో లేదో, నేను స్విచ్ ముట్టుకోకుండానే ఒక కాలు, దాని వెనకే రెండోదీ బయటికొచ్చాయి. లోపల ఏదో ట్యూబ్ ఊడినట్టుంది. "అయ్యో" అనేశాను.

"ఏమైందమ్మా?"

"గాలి పోయింది ఆంటీ."

"మరి ఆయన చెప్పారుగా. దింపు."

దింపాను. గడ్డిమీద చిన్నగా ఎగిరిపడి, కొంచెం దూరం పరిగెత్తి ఆగింది. ఇంజిన్ ఆపేశాక ఆంటీ నాకంటే ముందే వెళ్ళి దాని పక్కన చతికిలబడ్డారు. ఏడుస్తూ, నవ్వుతూ, స్వెటర్ చేత్తో ఆ చక్రానికి అంటిన తడిమట్టి తుడుస్తూ ఉండిపోయారు.