గోడ తీసి దింపిన బల్ల

డాబాగార్డెన్స్‌లో మూడంతస్తుల పాత కాంప్లెక్స్ ఒకటి ఉండేది. కింద గొడుగుల కొట్టు, వాచీల రిపేరు. మధ్యలో టైపు ఇన్‌స్టిట్యూట్, అది పోయాక జెరాక్స్, అదీ పోయాక తాళం. పై అంతస్తులో నా దర్జీ మిత్రుడు. ఉద్యోగంలో చేరినప్పటి ప్యాంటూ, రిటైరైన రోజు వేసుకున్నదీ అక్కడే కుట్టించాను. మధ్యలో నడుము ఎలా పెరిగిందో నా డైరీల్లో ఉంది గానీ, ఆ చరిత్ర ఇక్కడ అప్రస్తుతం.

కిందటేడు బిల్డింగు పడగొడతామన్నారు. అందరూ సామాన్లు సర్దుకున్నారు. దర్జీకి మాత్రం కదలని సామాను ఒకటుంది: గుడ్డ కత్తిరించే బల్ల. పాత ఓడ తాలూకు టేకు చెక్కతో, ఊడదీయడానికి ఒక్క మేకు కూడా లేకుండా, వడ్రంగి ఆ గదిలోనే కూర్చుని చేశాడు. దాన్ని బయటికి తీసే రోజొకటి వస్తుందని ఎవరికీ తోచలేదు. ఇంకో బల్ల మీద తన కత్తెర తిన్నగా నడవదని, ఇది దిగకపోతే పనే మానేస్తానని దర్జీ అన్నాడు.

నేను టేపు పట్టుకుని వెళ్లాను. గుమ్మం కొలిచాను, మెట్ల మలుపు కొలిచాను, బల్లను నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా కొలిచాను. కాగితం మీద ఎటు తిప్పినా వెడల్పే అడ్డొచ్చింది.

"ఏటి బావ, కొలతలన్నీ నువ్వే తీసేత్తే నానేటి సెయ్యాలి?" అన్నాడు దర్జీ.

గొడుగుల కొట్టాయన బల్ల కాళ్లు కోసేయమన్నాడు. అడ్డొచ్చేది వెడల్పు గానీ కాళ్లు కాదని చెప్పినా వినలేదు. పడగొట్టే కాంట్రాక్టరు ఇంకాస్త ముందుకెళ్లాడు. "రెండు ముక్కలు కోసి దింపేయండి, పెద్దాయనా."

"నిన్ను రెండు ముక్కలు సేసి దింపితే పనికొత్తావేటి బాబూ?" అన్నాడు దర్జీ.

గుమ్మంలోంచి రాకపోతే వీధి వైపు గోడే తీయమన్నాడు. ఎలాగూ పగలగొట్టేదే కదా అని, కాంట్రాక్టరు ఆ గోడతోనే పని మొదలుపెట్టడానికి ఒప్పుకున్నాడు. దర్జీ తన దగ్గర బట్టలు కుట్టించుకునే బోటువాళ్లను నలుగురిని, మోకులతో సహా, ఫిషింగ్ హార్బర్ నుంచి పిలిపించాడు.

"బోటింజన్లే దింపుతాం మావా, బల్లెంత?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

గోడ పోయింది. బల్ల గాల్లోకి వచ్చి చిన్నగా ఊగింది. ఆటోలు ఆగిపోయాయి. దర్జీ సరిగ్గా దాని కిందే నిలబడి, పడితే పట్టుకునేవాడిలా చేతులు చాచాడు. నేను చొక్కా పట్టుకుని లాగినా కదల్లేదు.

"వొగ్గీ బావ. అది పడిపోతే నాను ఉండి ఏటి సేత్తాను?"

బల్ల గీత కూడా పడకుండా దిగింది.

ఇప్పుడు దర్జీ పక్క సందులో షట్టర్ కొట్టు తీసుకున్నాడు. బల్ల సరిగ్గా పట్టింది. ఆయనే పట్టలేదు. వెనకున్న కుట్టుమిషను దగ్గరికి చేరాలంటే బల్ల కింద నుంచి పాకాలి. నేను వెళ్లి పిలిస్తే, మెడలో టేపుతో తల బయటికొస్తుంది. కొలతలు తీసేది ఫుట్‌పాత్ మీదే.

"ఈ వయసులో ఈ పాకుడేమిటి బావా, చిన్న బల్ల చేయించుకోరాదా?" అన్నాను మొన్న.

"నాను సన్నబడతాన్లే. బల్ల సన్నబడదు కదా" అంటూ మళ్లీ కిందికి దూరాడు.