రెండు పది నోట్లు

లా పాసయ్యాక నల్లకోటు వేసుకోవాలంటే ఇంకో పరీక్ష రాయాలని కొత్తగా రూలు పెట్టారు. దాని ఫీజుకు నా దగ్గర ఐదువందలు తక్కువయ్యాయి. మా రఘునాథపల్లిలో అడగదగ్గ వాళ్లందరినీ అప్పటికే అడిగేశాను.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. విద్యార్థులం డబ్బాలు పట్టుకుని రైళ్లలో చందాలు అడిగేవాళ్లం. ఎవరూ కాదనేవారు కాదు. ఒక డబ్బా నా గదిలోనే ఉండిపోయింది. ఓ రోజు దాన్ని తీసుకుని, ఎవరికీ చెప్పకుండా, జనగామలో డోర్నకల్ వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కాను. పెట్టె పెట్టెలో జై తెలంగాణ అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదు. డబ్బాలోనే ఉంది.

మహబూబాబాద్ దాటాక, మిరపకాయలు ఏరే కూలికి పోతున్న ఒక ముసలామె కొంగు ముడి విప్పి పది నోటు డబ్బాలో వేసింది.

"తెలంగాణ అస్తదా బిడ్డా?"

"అస్తదవ్వా."

నా ముఖంలోకి చూసి, ముడిలో మిగిలిన ఇంకో పది నోటూ తీసింది. నేను డబ్బా ముందుకు జరిపాను. ఆమె దాన్ని పక్కకు నెట్టి, నోటు నా చేతిలో పెట్టింది.

"గది తెలంగాణకు. గిది నీకు. పొద్దుగాల్నుంచి తిరుగుతున్నట్టున్నవ్, జర చాయ్ తాగు."

డోర్నకల్‌లో దిగి, డబ్బా మూత తీసి, రెండు నోట్లూ ఒకే జేబులో పెట్టుకున్నాను. ఫీజు కట్టాను. పరీక్ష పాసయ్యాను. తెలంగాణా వచ్చింది.

ఆ రోజు చాయ్ మాత్రం తాగలేదు. అదే నా నిజాయితీ అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను.