పసుపు దీపం చెప్పిన కుడి ఎడమలు

అమీన్‌పూర్‌లో మా అపార్ట్‌మెంట్ ముందున్న పసుపురంగు వీధిదీపాన్ని మొన్న తీసేసి తెల్లది పెట్టారు. వెలుగు బాగుందని అందరూ అంటున్నారు గానీ, నాకు మాత్రం అప్పటినుంచి ఒకచోట కుదురుగా కూర్చోబుద్ధి కావడం లేదు, ఎందుకంటే సరిగ్గా అలాంటి పసుపు వెలుగులో కన్ను పెట్టి చూస్తూనే నా ఉద్యోగపు తొలి ఏళ్లు గడిచిపోయాయి.

ఎనభైల చివర్లో పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో నేను ల్యాబ్ కెమిస్టును. కొన్ని మందుల అణువులు మన చేతుల్లాగే కుడి ఎడమలుగా జంటగా పుడతాయి, వాటిలో ఒకటి పనిచేస్తే రెండోది చేయదు. వాటిని విడదీయడానికి రియాక్టర్‌లో ఒక ఆమ్లం కలిపేవారు, దానిలోనూ కుడిదీ ఎడమదీ ఉండేవి, ఒకదానికి బదులు ఇంకోటి పోస్తే చేతికొచ్చే మందూ తారుమారయ్యేది, ఆ డ్రమ్ములేమో గోదాములో పక్కపక్కనే నిలబడేవి. చివరికి చేతికొచ్చింది ఏదో తేల్చడం నా వంతు. మందును కరిగించి గాజు గొట్టంలో పోసి, పోలారిమీటర్ అనే పరికరంలో పెట్టి, అందులోని సోడియం దీపపు పసుపు కాంతిని అది కుడికి తిప్పుతుందో ఎడమకు తిప్పుతుందో చూడాలి.

కుడికి తిప్పాల్సిన సరుకు ఒకరోజు ఎడమకు తిప్పింది. ఆమ్లం పోసినది పక్క ఊరి రైతు, పొలం వదిలి ఫ్యాక్టరీలో చేరిన పెద్దవాడు, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. డ్రమ్ము మార్చి పోశావని మేనేజర్ ఆయన్ను ఇంటికి పంపేశాడు. పోతూ పోతూ ఆయన ల్యాబ్ గుమ్మంలో నిలబడి, "లేబుల్ సూసే పోసిన సారూ, జెర మళ్ల సూడుండ్రి" అన్నాడు. నా కన్నునే అనుమానిస్తాడా అని నాకు చిర్రెత్తుకొచ్చింది.

కానీ రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు స్టోర్స్ నుంచి క్లోరోఫామ్ సీసా రాగానే నాకు అసలు సంగతి గుర్తొచ్చింది. మందును ఎప్పుడూ దానిలోనే కరిగించాలి, ఆ రోజు అది నిండుకుంటే, ఏదైతేనేం అనుకుని మిథనాల్‌లో కరిగించేశాను. అదే మందు ఒక ద్రావకంలో కుడికి, ఇంకోదానిలో ఎడమకు తిప్పగలదని చదువుకున్నవాణ్ణే! క్లోరోఫామ్‌లో కరిగించి మళ్లీ చూస్తే చక్కగా కుడికే తిప్పింది.

మళ్లీ చూస్తే సరిపోయింది అని మాత్రం రిజిస్టర్‌లో రాశాను, మేనేజర్ కారణం అడగలేదు. పనిలోకి తిరిగొచ్చిన అన్న, తువ్వాలులో సీతాఫలాలు కట్టి తెచ్చి నా బల్లమీద పెట్టాడు. "మీరు మళ్ల సూడబట్కె నా నౌకరి నిలవడ్డది సారూ, ఇంకెవరు గింత పట్టించుకుంటరు" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా నోరు విప్పలేదు. ఆ పళ్లు తిన్నాను కూడా.

ఇప్పటి యంత్రాలు దేనిలో కరిగించామో, ఎవరు చూశారో కూడా తామే అచ్చు వేసి ఇస్తాయట, నాబోటి వాడికి దాక్కునే చోటు లేదు, మంచిదే. మొన్న సాయంత్రం నిలవలేక బండి తీసి ఆ అన్న ఊరికి వెళ్లాను. పొలాలున్న చోటల్లా విల్లాలు లేచాయి, ఎవరిని అడిగినా తెలియదన్నారు. తప్పు నాదే అన్నా అని చెప్పడానికి ఆ రోజుల్లో ల్యాబ్ మెట్లు దిగితే సరిపోయేది.