చీరల చాటు సాక్ష్యం

ఆ రోజుల్లో నల్లకోటు వేసుకుంటే చాలు, తెలివి దానంతట అదే వస్తుందని నాకో నమ్మకం. నేను జూనియర్‌గా చేరిన సీనియర్ గారికి మాత్రం దేనిమీదా నమ్మకం లేదు. ముద్దాయిల తరఫున వాదించడంలో ఖరగ్‌పూర్ అంతటా పేరున్న మనిషి. మా రైల్వే కాలనీ, ఓల్డ్ సెటిల్‌మెంట్ వాళ్లు ఆయన్ని 'అనుమానం లాయరు' అనేవారు. "గుడ్ మార్నింగ్ సార్" అంటే ముందు కిటికీలోంచి బయటికి చూసి, అప్పుడు బదులిచ్చేవారు. (మబ్బు పట్టిన రోజున వట్టి "మార్నింగ్" అని ఊరుకునేవారు.)

ఒకసారి మా పక్క క్వార్టర్ మావయ్య మీద సైకిల్ దొంగతనం కేసు పడింది. ఆయన రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. శిక్ష పడితే ఉద్యోగం పోతుంది. సైకిల్ దొరకలేదు. "షాపులో కూర్చునే చూశాను, ఎదుటి పాన్ దుకాణం ముందు నుంచి ఇతనే తీసుకుపోయాడు" అని గోల్‌బజార్‌లో ఒక చీరల షాపాయన అన్న మాట ఒక్కటే సాక్ష్యం. మావయ్యేమో ఆ పూట బజారుకే వెళ్లలేదంటాడు. "ఆ షాపాయన కూసున్న కాడ నిలబడి, పాన్ దుకాణం కనబడతాదో లేదో సూసి రా" అని సీనియర్ గారు నన్ను పంపారు. మంచి ఎండ. నేను బజారు మొదట్లోనే ఓ లస్సీ తాగి, వెనక్కొచ్చి, "స్పష్టంగా కనబడుతోంది సార్" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. (క్రాస్ ఎగ్జామినేషన్‌కు ముందు చేసే పని అది. తెలిసి కూడా నేను పారిపోలేదు.)

"షాపాయన ఏటన్నాడు?"

"ఏమీ అనలేదు సార్."

"సీరల షాపులోకి ఆడపిల్ల ఎల్తే ఒక్క సీరైనా సూపించలేదా?"

"చూపించాడు సార్. నీలం రంగుది."

"నోరు ఇప్పకుండానే సూపించినాడా?"

నేను మూతికంటిన లస్సీ తుడుచుకున్నాను. "నువ్వు ఎల్లలేదు కదా పాపా" అన్నారాయన మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేది.

ఇద్దరం ఆటోలో వెళ్లాం. షాపు ముందు పైనుంచి కిందిదాకా చీరలు వేలాడుతున్నాయి. లోపల నిలబడితే పాన్ దుకాణం మాట అటుంచి, మేం దిగిన ఆటో కూడా కనబడలేదు. నా ఒక్క మాటతో మావయ్య ఉద్యోగం పోయి ఉండేది.

కోర్టులో సీనియర్ గారు బెంగాలీలో ఎంతో మర్యాదగా అడిగారు. "దాదా, ఆ రోజు కూడా చీరలు బయట వేలాడదీశారా?"

"రోజూ అంతే. లేకపోతే గిరాకీ ఎలా వస్తుంది?"

"అంటే, అవతలి మనిషి కనబడేంత పల్చటి చీరలన్నమాట."

"మా సరుకు చాలా దట్టమైనది" అన్నాడు షాపాయన రోషంగా. జడ్జిగారు తల వంచుకుని రాసుకున్నారు గానీ ఆయన భుజాలు కదలడం అందరూ చూశారు.

మావయ్య బయటపడ్డాడు. మెట్లు దిగుతూ నేను, "పాపం, మావయ్య ఏ తప్పూ చెయ్యలేదు కదా సార్" అన్నాను. "అది నానెరగను. సీరలు దట్టంగా ఉన్నాయని మాత్రం ఎరుగుదును" అన్నారాయన.

ఆ సాయంత్రం మావయ్య భార్య, నేను అత్తా అని పిలిచే మనిషి, మా లైనులో వాళ్లందరినీ కూడేసి, "మా పిల్లే ఎండన పడి ఎల్లి సూసొచ్చినాది. దాని వల్లే మా ఆయన బతికినాడు" అని నా నోట్లో లడ్డూ కుక్కింది. నోటినిండా లడ్డూ ఉన్నప్పుడు నిజం చెప్పడం కష్టం. మింగాక ఇంకా కష్టమైంది. ఇన్నేళ్లయినా అత్త ఆ కథ కొత్తగా వచ్చిన వాళ్లకల్లా చెబుతూనే ఉంటుంది. నన్ను ఒక్కసారీ అనుమానించని ఆ మనిషి పక్కన, ఊళ్లో పేరున్న లాయరునని చెప్పుకునే నేను, తల దించుకుని నవ్వుతూ కూర్చుంటాను.